అడగని ప్రార్థన

ఆమె కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగిస్తుంది, భర్త స్కూలు బస్సు నడుపుతాడు. కూతురు బుల్లికి ఫోన్ కొనిచ్చిన రోజునే ఇద్దరూ కలిసి ఒక నియమం పెట్టారు. ఇంట్లోకి వచ్చే ప్రతి కొత్త పాటనూ ముందు అమ్మానాన్నలు వినాలి. విశ్వాసుల ఇంట్లో ఏ పాట పడితే ఆ పాట మోగకూడదని వాళ్ల ఉద్దేశం.

పదహారేళ్ల బుల్లి పెద్దగా పేచీ పెట్టకుండానే ఒప్పుకుంది. శనివారం సాయంత్రాలు ముగ్గురూ సోఫాలో కూర్చుని వినేవారు. నాన్న రెండో పాటకే గురక మొదలుపెట్టేవాడు. "నాన్న పాస్ చేసేశారు!" అని బుల్లి నవ్వేది. అమ్మ మాత్రం కళ్లు మూసుకుని ఒక్కో మాటనూ జల్లెడ పట్టేది.

ఒకరోజు అమ్మ తన ఫోన్ ఎక్కడో పెట్టి మరిచిపోయి, దానికి రింగ్ ఇద్దామని బుల్లి ఫోన్ తీసుకుంది. బుల్లి స్నానానికి వెళ్లింది. ఫోన్ తెరవగానే సగంలో ఆగిపోయిన పాట ఒకటి కనిపించింది. శనివారాల్లో ఎప్పుడూ వినిపించని పాట. మొదటి నుంచీ పెట్టింది. వాయిద్యాలు లేవు. ఎవరో అమ్మాయి బొంగురు గొంతుతో పాడుతోంది.

"తట్టీ తట్టీ చేతులు వాచాయి దేవుడా, లోపల ఉన్నావో లేవో ఒక్క మాట చెప్పు..."

దేవుణ్ణి ఉన్నావా లేవా అని నిలదీయడమా! అక్కడితో ఆపేసింది. బుల్లిని అడిగితే మాటకు మాట పెరుగుతుందని భయపడింది. పాటను తన ఫోన్‌కి పంపుకుని, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పాస్టరమ్మగారి ఇంట్లో స్త్రీల కూడిక జరిగింది. ప్రార్థన విన్నపాలు చెప్పే సమయం రాగానే ఆమె లేచింది.

"మన పిల్లల చెవుల్లో ఏం పోస్తున్నారో మీరే వినండి. మా బుల్లి కోసం ప్రార్థన చేయండి" అంటూ ఫోన్ సౌండ్ పెంచి పాట పెట్టింది.

మొదటి చరణానికి ఒకరిద్దరు "అయ్యో ప్రభువా" అన్నారు. ఫోన్ ఆపకుండా ఆమె వాళ్ల ముఖాలే చూస్తోంది. ఇంతలో రెండో చరణం వచ్చింది.

"గుమ్మం దగ్గర నాన్న చెప్పులు లేవు. పని మీద ఊరెళ్లాడని అమ్మ అందరికీ చెబుతోంది. నీకూ అదే చెప్పిందా దేవుడా?"

తలుపు పక్కన కూర్చున్న టైలరమ్మ లేచి నిలబడింది. ఆమె భర్త పని మీద వేరే ఊరు వెళ్లాడనే అంతా అనుకుంటున్నారు. ఆమె కూతురూ బుల్లీ చిన్నప్పటి నుంచీ చర్చిలో ఒకే క్వయర్‌లో పాడతారు, ఒకే కంచంలో తింటారు. టైలరమ్మ ఎవరి వైపూ చూడలేదు. సంచీ తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

"నీ ఉద్దేశం మంచిదే కదమ్మా" అన్నారు పాస్టరమ్మగారు, బుల్లి అమ్మ చెయ్యి పట్టుకుని. ఆ మాటతో ఆమెకు ప్రాణం మరీ చచ్చిపోయినట్టయింది.

ఎవరో చెప్పేలోపు తానే చెప్పాలని పరుగు పరుగున ఇంటికొచ్చింది. బుల్లి అంతా విని, తన ఫోన్ తీసి ఆ పాట వచ్చిన మెసేజ్ చూపించింది.

"అది నాకు ఒక్కదానికే పంపింది. ఎవరికీ వినిపించనని మాటిచ్చాను. అందుకే మీకు పెట్టలేదు."

"నాకు తెలీదే. గొంతు కూడా పోల్చుకోలేకపోయాను."

"రెండో చరణం ముందే విన్లేదా?"

"లేదు."

"మరి ఏం విని ప్రార్థన చేయించావమ్మా?"

సాయంత్రం ఆమె భర్తకు చెప్పుకుని ఏడ్చింది.

"నేను నిద్రపోయి తప్పు చేశాను, నువ్వు మేలుకుని చేశావు. వెళ్లి టైలరమ్మకు కనపడు. ఫోన్లో మాత్రం చెప్పకు" అన్నాడు.

మర్నాడు షాపులో ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించి యజమాని చేత చీవాట్లు తింది. అనుమతి అడిగి తిన్నగా టైలరమ్మ కొట్టుకి వెళ్లింది. టైలరమ్మ మిషన్ ఆపలేదు.

"ఏం కుట్టాలి?"

"కుట్టడానికి కాదు వదినా. క్షమించమని అడగడానికొచ్చాను."

"పొద్దుట్నుంచీ ఫోన్లే. అందరూ మా కోసం ప్రార్థన చేస్తున్నారట. చేయమని నేనెవరినైనా అడిగానా?"

కొట్టు వెనక ఇస్త్రీ చేస్తున్న టైలరమ్మ కూతురు పెట్టె పక్కన పెట్టి ముందుకు వచ్చింది.

"ఆంటీ, అది చెడ్డ పాటా?"

"కాదమ్మా. నేనే పూర్తిగా వినలేదు."

"నేను ప్రార్థనే చేశానాంటీ. ఉత్తినే మాట్లాడితే ఏడుపొచ్చేస్తోందని రాగం కట్టుకున్నా."

ఆమె ఆ పిల్ల చేతులు పట్టుకోబోయింది. పిల్ల మెల్లిగా వెనక్కి తీసుకుంది. టైలరమ్మ దారం కొరికి, "ఇక వెళ్లు వదినా. కోపం పోయాక నేనే పలకరిస్తాను. ఎప్పుడు పోతుందో మాత్రం నాకూ తెలీదు" అంది.

తర్వాతి కూడికలో ఆమె మళ్లీ లేచింది. "పోయినసారి నేను తెచ్చింది ప్రార్థన విన్నపం కాదు. ఒక పిల్ల రహస్యాన్ని బజారున పెట్టాను. ఆ ఇంటి సంగతి ఇక ఎవరూ ఎత్తొద్దు" అంది. "అయితే ఆ కుటుంబం కోసం ఇప్పుడే..." అని ఒకావిడ అందుకోబోయింది. "వద్దక్కా, వాళ్లు అడగలేదు" అని ఆమె అడ్డుపడింది. పాస్టరమ్మగారు తల దించుకున్నారు.

శనివారం సాయంత్రాలు వాటంతటవే ఆగిపోయాయి. బుల్లి అమ్మతో మామూలుగానే మాట్లాడుతోంది, అన్నం పెట్టమంటోంది, జడ వేయమంటోంది. పాటల ఊసు మాత్రం ఎత్తదు.

టైలరమ్మ కూతురు కొన్ని వారాలకు క్వయర్‌లోకి తిరిగొచ్చింది. ఇంకొన్నాళ్లకు చర్చి గేటు దగ్గర టైలరమ్మే ఆగి, "బాగున్నావా వదినా?" అని పలకరించింది. ఈ ఒక్క మాట వింటే చాలు, గుండె బరువు దిగిపోతుందని ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూసింది. "బాగున్నాను" అని జవాబు చెప్పింది కానీ, టైలరమ్మ ముఖంలోకి చూడలేకపోయింది. బరువు దిగలేదు.