గంపకో చెయ్యి

మీరంతా నన్ను వేదిక మీదికి పిలిచారు గానీ, ముందు నా తప్పు చెప్పుకోనివ్వండి. కనకమ్మ గంప ఎత్తమని అడిగితే నేను ఎత్తలేదు.

నా పేరు శ్రీదుర్గ. మాది అర్చకుల కుటుంబం. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య కొత్తగా కట్టిన స్టేషన్లో, బళ్ల రాకపోకలు మైకులో చెప్పే కాంట్రాక్టు ఉద్యోగం నాది. అక్కడ ఒకపక్క బస్సులు ఆగుతాయి, ఇంకోపక్క రైళ్లు. మధ్యలో అద్దాల హాలు, సామాన్లు తనిఖీ చేసే మిషను, గేటు. అదంతా నడిపే కాంట్రాక్టరు అబ్బాయిరాజు గారు. కొల్లేరు చుట్టూ ఆయన చేపల చెరువులు ఎన్ని ఎకరాలో ఆయనకే తెలియాలి.

పాత స్టేషన్ ఉన్నప్పుడు కొల్లేరు లంకల నుంచి నలభై మంది ఆడవాళ్లు చేపల గంపలతో తొలి బస్సు దిగి, ఆరూ నలభై ప్యాసింజరెక్కి, గూడెం వీధుల్లో అమ్ముకునేవాళ్లు. వాళ్లకి రెండు కట్టుబాట్లున్నాయి. వచ్చిన వరసలో గంప దించి మొహం కడుక్కోడానికి వెళ్తే ఆ చోటు ఎవరూ తీసుకోరు. గంప ఉంటే మనిషి ఉన్నట్టే. రెండోది, నిండు గంప ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు. అందుకని ఎత్తమంటే ఎవరూ కాదనకూడదు. ఒకరికొకరు ఎత్తుకుంటూ పోతే ఆఖరి మనిషికి సాయం మిగలదు కదా. ఆ ఆఖరి గంప రైల్వే కూలీయో, టీ కొట్టు మనిషో ఎత్తేవాడు.

కొత్త స్టేషన్లో కూలీలూ లేరు, టీ కొట్టూ లేదు. నెల తిరక్కుండా గేటుకి బోర్డు పెట్టారు: నీచు సరుకు లోపలికి తేరాదు. రోజుకి ఇరవైసార్లు ఆ ముక్క మైకులో చదివింది నేనే. అబ్బాయిరాజు గారి చేపలు మాత్రం ఐసు పెట్టెల్లో పడుకుని లారీల్లో హైవే మీద పోతాయి. వాటికి నీచు ఉండదు కాబోలు!

ఆడవాళ్లు గేటు ముందు బైఠాయించారు. మేనేజరు కౌశిక్ బయటికొచ్చాడు. అండీ అంటూనే గొంతు కోసే రకం.

"అందర్నీ వదల్లేనండీ. పదిమందికి పాసులిస్తాను. ఆ పదిమందీ ఎవరో మీరే తేల్చుకోండి" అన్నాడు.

బస్సులు ఆగే చోట వాళ్లలో వాళ్లకే పెద్ద గొడవైంది.

"పదిమందేటి? ఎల్తే నలబై మందిమీ ఎల్దాం. లేదా ఎవరం ఎల్లొద్దు" అంది కాంతం. నోరున్న మనిషి.

"మొండికేత్తే పిల్లల నోట్లో ఏం పెడతావే?" అంది కనకమ్మ. అందరికన్నా పెద్దది, అందరూ అప్పా అని పిలుస్తారు. "పదిమందిమి ఎల్తాం. మిగతావోళ్ల సేపలు కూడా మా గంపల్లో ఏసుకుని అమ్మి తెత్తాం."

అప్ప మాట కాదనలేకపోయారు. మంచి మనసుతో చేసిన తప్పు అది. మర్నాడు ఒక్కో గంపలో నాలుగిళ్ల చేపలు పడ్డాయి.

మిషను దగ్గర గంపలు దించమన్నారు. దించారు. మిషనుకి అవతల మళ్లీ ఎత్తుకోవాలి. పెద్దది కాబట్టి కనకమ్మ తొమ్మిది గంపలకీ తనే చెయ్యివేసి సాగనంపింది. బండి వచ్చి నిలబడింది, తొమ్మిదిమందీ పరుగెత్తారు. కనకమ్మ గంప నేలమీదే ఉండిపోయింది.

గేటు కాసే బాలస్వామిని అడిగింది. "ఓ సెయ్యెయ్యి నాయనా."

"డ్యూటీలో ఉన్నానండి. మేనేజరు గారు చూత్తన్నారు" అని అతను తల దించుకున్నాడు.

అప్పుడు పక్కనే ఉన్న నా మైకు గది అద్దాల వైపు తిరిగింది. "అమ్మాయిగోరూ, మీరైనా ఓ సెయ్యెయ్యండమ్మా. బండి ఎల్లిపోతంది."

నా చేతులు ఖాళీగానే ఉన్నాయి. కానీ తలస్నానం చేసి వచ్చాను, ఆ గంప నుంచి నీచు నీళ్లు కారుతున్నాయి.

"మేము ముట్టుకోమండీ" అన్నాను. అండీ అన్నాను, చూశారా! మర్యాదకేం లోటు లేదు.

ఆవిడ వంగింది. ఒక్కతే గంపని మోకాలి మీదికి లాక్కుంది, గుండెల దాకా తెచ్చింది. నున్నటి నేల మీద కాలు జారింది. గంప బరువంతా కుడిచేతి మీద పడి మణికట్టు విరిగింది. జెల్లలు, మట్టగిడసలు హాలంతా చెల్లాచెదురయ్యాయి. బండి కదిలిపోయింది.

కౌశిక్ పరుగున వచ్చి ముందు నేల చూశాడు. చెయ్యి చూడలేదు. "ఇవన్నీ ఏరి, కడిగి వెళ్లాలండీ" అన్నాడు. ఆవిడ ఎడంచేత్తో ఒక్కో చేపా ఏరుతుంటే, ప్రయాణికులు ఆ వైపు రావద్దని మైకులో చెప్పాను. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సాయంత్రం డ్యూటీ దిగి బస్సుల దగ్గరికి వెళ్లాను. నలభై మందీ అక్కడే ఉన్నారు. కనకమ్మ చేతికి కట్టుంది. రోజూ అదే బండిలో వెళ్లే పాలిటెక్నిక్ పిల్లలు కొందరు పక్కన కూర్చున్నారు. నన్ను చూడగానే కాంతం లేచింది.

"ఏటండి, ఇలా వొచ్చేరు? నీచు తగిల్తే తమరికి తానం సేత్తే పోద్ది. మా అప్ప సెయ్యి ఏ తానంతో వొత్తాదండి?"

నాకు ఏడుపొచ్చింది.

"ఆ అమ్మాయినేం అనకే" అంది కనకమ్మ. "తప్పు నాది. పాసు పుచ్చుకున్నప్పుడే ముప్పై మంది సేతులు గేటు బయట వొదిలేసేను." పాసు తీసి ఎడంచేత్తో పట్టుకుని పళ్లతో చింపింది. మిగతా తొమ్మిదిమందీ చింపారు.

"కలెక్టరాఫీసులో అర్జీ పెడదామండీ" అంది రమ్యశ్రీ, ఆ విద్యార్థుల్లో పెద్దది.

"పెట్టమ్మా, వొద్దన్లేదు. అర్జీ కదిలేలోపు సేప కుళ్లిపోద్ది" అంది కాంతం.

రేపు నలభై గంపలూ కలిసే లోపలికి పోవాలనుకున్నారు. ఎవరి గంప ఆగినా అందరివీ ఆగాలనుకున్నారు.

"నేనేం చెయ్యనండీ?" అని అడిగాను.

కనకమ్మ నా వైపు తిరిగింది. "రోజూ మైకులో సెప్తావుగా. రేపూ సెప్పు" అంది.

మర్నాడు గేటు ముందు నలభై గంపలు వరసగా దిగాయి. విరిగిన చేత్తోనే కనకమ్మ కూడా గంప తెచ్చింది. కౌశిక్ అప్పటికే పోలీసుల్ని పిలిపించాడు. నేను గది తలుపు గడియ పెట్టుకుని మైకు నొక్కాను.

"ప్రయాణికులకు మనవి. గేటు దగ్గర నలభై గంపలున్నాయి. ఎత్తడానికి చేతులు కావాలి. దయచేసి రండి."

బండి సంగతి చెప్పినట్టే మూడుసార్లు చెప్పాను. కౌశిక్ అద్దం మీద దబదబా బాదుతున్నాడు. మొదట ఎవరూ కదల్లేదు. ఒకాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని పక్కకి జరిగాడు. అప్పుడు రమ్యశ్రీ సంచీ కింద పెట్టి కాంతం గంపకి చెయ్యేసింది. తణుకు ఫ్యాక్టరీకి పోయే కార్మికులు నలుగురొచ్చారు. ఒక టీచరమ్మ కొంగు బిగించింది. ఇక లెక్కపెట్టలేకపోయాను.

నేనూ గడియ తీసి, మెడలో గుర్తింపు కార్డు కౌశిక్ చేతిలో పెట్టి బయటికొచ్చాను. ఆఖరి గంప కనకమ్మదే. వంగి ఎత్తాను. నీచు నీళ్లు మోచేతుల దాకా కారాయి. అంతే, నాకేమీ కాలేదు.

గేటు దాటనివ్వలేదు. గంపలు దించమని ఎస్సై కర్ర ఊపాడు.

"దించుతామండి. మళ్లీ ఎత్తేది తమరేనా?" అంది కాంతం.

కనకమ్మని, కాంతాన్ని, నన్ను, ఇంకో పదిమందిని వ్యానెక్కించారు. నేను తప్ప మిగతా పన్నెండుమంది గంపలూ బోర్లించారు. పోలీస్ స్టేషన్‌కి మా నాన్నగారు వచ్చారు. "ముందు ఇంటికొచ్చి స్నానం చెయ్యమ్మా" అన్నారు. వాళ్లందర్నీ వదిలితే వస్తానన్నాను. ఆయన వాకిట్లోనే నిలబడ్డారు. ఉద్యోగం ఆ మధ్యాహ్నమే పోయింది. చీకటిపడే వేళకి సంతకాలు పెట్టించుకుని అందర్నీ వదిలారు.

తెల్లారి తొలి బస్సులో వెళ్లాం. గేటు మూసే ఉంది, పోలీసులు రెట్టింపయ్యారు. ఆ పన్నెండు చోట్లూ పోయే ఉంటాయనుకుంటూ దిగాం. మిగతావాళ్లు రాత్రంతా అక్కడే ఉన్నారు, వరస చెక్కుచెదరలేదు. బోర్లించిన గంపలున్న చోట కాలేజీ సంచీలు, టిఫిన్ క్యారేజీలు, ఓ కండక్టరు తువ్వాలు పెట్టి ఉన్నాయి. కనకమ్మ చోట బాలస్వామి డ్యూటీ టోపీ ఉంది. దాని పక్కన అతను మామూలు చొక్కాలో నిలబడ్డాడు, ఆవిడ కళ్లలోకి మాత్రం చూడలేకపోతున్నాడు.

వరస చివర ఖాళీ గంప ఒకటుంది.

"అదెవరిదండీ?" అనడిగాను.

"మీదేనండీ" అంది రమ్యశ్రీ.

ఆరూ నలభై బండికి ఇంకా పావుగంట ఉంది. గేటవతల కౌశిక్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కనకమ్మ వరస ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకసారి చూసుకుంది.

"ఎత్తండమ్మా" అంది.