చీమలు రాని ఇసుక

మా పిల్లికి షుగరు ఉందని ముందుగా చెప్పింది డాక్టరు కాదు, చీమలు. పెరట్లో అది రోజూ వెళ్లే ఇసుక కుప్ప చుట్టూ ఎర్ర చీమలు బారులు తీరాయి. అప్పటికే అది గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతోంది. ఎంత తిన్నా ఎముకలు తేలిపోతున్నాయి. అశ్వారావుపేట చుట్టుపక్కల అడవి పల్లెల్లో ఇరవై రెండేళ్లుగా సూదులు వేస్తున్న నర్సును, ఇన్నమ్మను నేను. నాకు ఇంకొకరు చెప్పాలా?

దాని పేరు తాసిల్దారు. ఎవరొచ్చినా కుర్చీ దిగదు, కళ్లు సగం మూసి చూస్తుంది కనుక మా ఆయన సంసోను ఆ పేరు పెట్టాడు. పామాయిల్ తోటలో గెలలు కోస్తూ నడుము దెబ్బతిని ఆయన ఇంటి పట్టున ఉండిపోయాడు. పిల్లలు లేరు. నేను డ్యూటీకి పోతే పొద్దంతా ఆయన మాట్లాడేది ఆ పిల్లితోనే. అది పోతే ఈ మనిషి ఏమవుతాడోనని నాకు భయం పట్టుకుంది.

బుట్టలో పెట్టుకుని సత్తుపల్లి మీదుగా ఖమ్మం తీసుకుపోయాం. పశువుల డాక్టరు నాగలత పరీక్షలన్నీ చేసి, "నా సర్వీసుల పిల్లికి ఇన్సులిన్ రాసుడు ఇదే ఫస్టు, సిస్టర్" అంది. అన్నం, పాలు బంద్, చేపా మాంసమే పెట్టమంది. పన్నెండు గంటలకొకసారి ఒక్క యూనిట్. ముందు తినాలి, ఆ తర్వాతే సూది. తినకపోతే సూది ఆపి ఫోన్ చేయాలి. సీసా మీద నలభై అని రాసున్న మందుకు నలభై అని రాసున్న సిరంజే వాడాలి, లేకపోతే మోతాదు మారిపోతుంది. సీసాను ఊపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి.

"ఇచ్చినమా లేదా అని డౌటొస్తే మళ్ల ఇయ్యొద్దు. ఒక పూట తప్పితే ఏం కాదు, రెండుసార్లు పడితే పానం పోతది. ఇంకోటి సిస్టర్, చెవి అంచున గుచ్చి షుగరు చూస్తా ఉండాలె. చూడకుంట నడిపియ్యొద్దు."

అన్నీ పాటించాను, ఆ చివరిది తప్ప. పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు పామాయిల్ మిల్లు సైరన్ మోగగానే చేప ముక్కలు పెట్టి, మెడ వెనక చర్మం ఎత్తి సూది వేసి, చర్చి క్యాలెండర్ మీద టిక్కు పెట్టేదాన్ని. మొదటి నెల చెవి గుచ్చి చూశాను. గుచ్చిన ప్రతిసారీ పిల్లి కంటే ముందు సంసోను కళ్లనీళ్లు పెట్టుకునేవాడు, అందుకని మానేశాను. పైగా నాకు పొగరు. రోజూ ఇన్సులిన్ వేయించుకోవడానికి మా గడప తొక్కే జంపయ్య తాతకే షుగరు చూడకుండా, ముఖం చూసి వేసేదాన్ని, పిల్లి ఒక లెక్కా?

ఈలోగా సంసోను శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి, "మా ఇంట్ల ఒకలకు షుగరు వచ్చింది, జర ప్రార్థన చేయండి" అన్నాడు. అందరూ అది నాకే అనుకున్నారు. మర్నాడే పాస్టరమ్మ గ్లాసెడు కాకరకాయ రసం తెచ్చింది. మొగుడి పరువు కాపాడటానికి కళ్లు మూసుకుని తాగాను.

మూడో నెలలో ఒక శుక్రవారం ప్రార్థన మా ఇంట్లో పడింది. ఆ పొద్దున తాసిల్దారు చేపంతా తిన్నది. ఒక యూనిట్ వేశాను, టిక్కు పెట్టాను. పదకొండు గంటలకు చాపల మీద అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. "ఈ ఇంట్ల రోగిని ముట్టుకో ప్రభువా" అని పాస్టరమ్మ గొంతెత్తింది. వెనక తలుపు చప్పుడైతే నేను కళ్లు తెరిచాను. తాసిల్దారు కల్లు తాగినట్టు తూలుతూ వచ్చి, గోడకు కొట్టుకుని, చాప నడిమధ్య పడిపోయింది. నోటి వెంట చొంగ కారుతోంది.

"తేనె!" అని అరిచాను.

ఎవరో "ఆమేన్" అన్నారు. సంసోను నడుము సంగతి మరిచి వంటింట్లోకి ఉరికాడు. అడవి తేనెను వేలికి అద్ది చిగుళ్లకు కొంచెం కొంచెంగా రాశాను. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెవి గుచ్చి చూస్తే షుగరు ముప్పై ఎనిమిదికి పడిపోయింది. 

"నువ్వు గూడ సూది వేసినవా ఏంది?" అని సంసోను మీద ఎగిరాను.

"నేనా? సూదిని చూస్తేనే నాకు కండ్లు తిరుగుతయ్ గద ఇన్నమ్మా!"

క్యాలెండర్ మీద ఒకటే టిక్కు. పావుగంటకు పిల్లి కళ్లు తెరిచి మూతి నాక్కుంది. మళ్లీ చూస్తే డెబ్బై. చేప పెడితే తిన్నది. అప్పుడు డాక్టరుకు ఫోన్ చేశాను. ఏ సిరంజి, ఎంత మందు, తిన్నదా అని ఆమె అన్నీ అడిగింది.

"సిస్టర్, ఈ నడుమ షుగరు ఎప్పుడు చూసిండ్రు?"

"మొదటి నెలల చూసిన, గంతే మేడం" అన్నాను.

"పిల్లులల్ల ఒక్కోసారి గిట్లయితది. తిండి మారి, షుగరు అదుపులకొచ్చినంక దాని ఒంట్లనే ఇన్సులిన్ మళ్ల తయారైతది. ఇగ సూది ఆపండి. రోజూ చూసి నాకు ఫోన్ చేయండి. మళ్ల గిట్ల తూలితే జల్దీ తీస్కరండి."

"అంటే... నయమైందా మేడం?"

"ఇప్పటికైతే అవ్. మళ్ల రావచ్చు, కనిపెట్టుకొని ఉండాలె."

ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్లాను. ఇసుక కుప్ప మీద ఒక్క చీమ లేదు. ఎన్నాళ్ల నుంచి లేవో! రోజూ దాని పక్కనే బట్టలు ఆరేస్తున్నాను. అక్కడే నేల మీద కూర్చున్నాను. మూడు కిలోలు తూగని ఆ ఒంట్లో, ఎవరికీ చెప్పకుండా, పడుకున్నదేదో లేచి పని మొదలుపెట్టింది. నా చేతి కింద ఇంతమంది ఇన్సులిన్ మొదలుపెట్టారు, అవసరం తీరి మానుకున్నవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు. చూస్తున్న ఈ ఒక్కదాన్నీ నేనే చంపబోయాను.

సాయంత్రం సైరన్ మోగింది. తాసిల్దారు తనంతట తానే వచ్చి నా ఒళ్లో పడుకుని మెడ వంచింది. నా చేతిలో సూది లేదు. ఆ మెడ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

రెండు వారాలు సూది లేకుండానే షుగరు నూరు దాటలేదు. ఆ శుక్రవారం పాస్టరమ్మ నన్ను లేచి సాక్ష్యం చెప్పమంది. రోగి పిల్లి అని ఆ రోజు తెలిసి నవ్విన వాళ్లంతా ఎదురుగా కూర్చున్నారు.

"మీరు అడిగిన్రు, దేవుడు ఇచ్చిండు" అన్నాను. "ఇచ్చిండా లేదా అని నేనే చూడలే. నయమైన పానానికి రెండు పూటలా సూది పొడిచిన."

సంసోను ఒక్కడే మెల్లగా "ఆమేన్" అన్నాడు.

మర్నాడు పొద్దున జంపయ్య తాత ఎప్పటిలాగే వచ్చి అరుగు మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"చెయ్యి తర్వాత తాతా," అన్నాను. "ముందుగాల వేలు ఇయ్యి."