ఫొటోలో మిగిలిన చెయ్యి

శంషాబాద్‌లో దిగిన నవనీత లింగంపల్లిలోని ఇంటికి పోలేదు. పెట్టెలతో సహా నేరుగా హైటెక్ సిటీలోని ఆఫీసుకు వచ్చింది. ఆ ఉదయమే కంపెనీ సభ ఉందనీ, డెన్మార్క్‌లో గడిపిన రెండేళ్ళ గురించి కృతజ్ఞతగా నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోవచ్చుననీ మేనేజరు వేణు ముందే కబురు పెట్టాడు.

తల్లి నీలమ్మ ఫోనులో మండిపడింది. "ఏందే బిడ్డా! దిగినంక ఇంటికి రాకుండ ఆఫీసుకు పోవుడేంది? నువ్వు లేకుంటె ఆల్ల సభ ఆగుతదా?"

"జర ఓపిక పట్టమ్మా. థ్యాంక్స్ చెప్పి వచ్చేస్త."

"రెండేండ్లు చాకిరి చేసింది నువ్వు. థ్యాంక్స్ ఆల్లు చెప్పాలె గని, నువ్వు చెప్పుడేంది?"

నవనీత నవ్వింది. అప్పటికి ఆమెకు కోపం లేదు. విమానంలో కూర్చున్నంతసేపూ ఆమె చేసిన పని అదే: ఎవరెవరికి ఋణపడి ఉందో తలచుకోవడం. మంచు కురిసిన ఉదయం తాను పరుగెత్తుకు రావడం అద్దంలో చూసి బస్సు ఆపి ఉంచిన డ్రైవరు. జ్వరంతో పడి ఉన్నప్పుడు గుమ్మం ముందు సూప్ గిన్నె పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయిన పక్కింటామె. అందరికంటే ఎక్కువగా, కిర్‌స్టెన్.

వరదకో తుపానుకో ఇల్లు పాడైన వాళ్ళకు బీమా సొమ్ము లెక్కకట్టే పాత కంప్యూటర్ ప్రోగ్రాము ఒకటి అక్కడి క్లయింటు కంపెనీలో ఉంది. దాన్ని పాతికేళ్ళుగా సాకింది కిర్‌స్టెన్. ఆ పని హైదరాబాదుకు మారుతోందనీ, నవనీత నేర్చుకోవడం పూర్తయ్యాక తన ఉద్యోగం ఉండదనీ ఆమెకు తెలుసు. తెలిసీ ఏదీ దాచలేదు. ఇంత ఓపికగా ఎందుకు నేర్పుతున్నావని నవనీత ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"ఇల్లు మునిగినవాడికి ఈ కుర్చీలో ఎవరున్నారన్నది అనవసరం. లెక్క తప్పకూడదు, అంతే," అంది కిర్‌స్టెన్. మళ్ళీ తెర వైపు తిరిగి, ఆపిన చోటి నుంచే పాఠం అందుకుంది.

ఆఫీసులో మొదట ఎదురైంది ఆమె జట్టులోని ప్రశాంతి. "వచ్చిందమ్మా డెన్మార్క్ దొరసాని! చాక్లెట్లేవి?"

"పెట్టెల ఉన్నయే. కింద సెక్యూరిటీ దగ్గర."

"అయితే నువ్వు గూడ కిందనే ఉండకపోయినవా!"

ఆ నవ్వుల మధ్యలోంచి వేణు నవనీతను పక్క గదిలోకి పిలిచాడు. ఆమె మాట్లాడేటప్పుడు వెనక తెర మీద పడే బొమ్మను లాప్‌టాప్‌లో చూపించాడు. కృతజ్ఞతలు ముగ్గురికి: కంపెనీ నాయకత్వానికి, హెచ్‌ఆర్‌కి, క్లయింటు యాజమాన్యానికి. పక్కన, డెన్మార్క్‌లో చివరి రోజున తీసిన ఫొటో. నవనీత నవ్వుతోంది. ఆమె ఎడమ భుజం మీద ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాటితే ఏమీ లేదు.

"ఇందుల కిర్‌స్టెన్ ఏది, వేణు గారూ?"

"కట్ చేశామమ్మా. క్లయింటు వాళ్ళు వీడియోలో ఉంటారు. పోయిన ఉద్యోగాల ప్రస్తావన ఇప్పుడేం బాగుంటుంది, చెప్పు?"

"చెయ్యి మిగిలింది."

"చెయ్యి ఎవరు చూస్తారమ్మా! నీ మొహం చూస్తారు. సైకిళ్ళు, మంచు, కందిపప్పు దొరక్క పడ్డ పాట్లు, ఏవో నవ్వించే ముక్కలు చెప్పు. టీమ్ లీడ్ పోస్టుకి నీ పేరు నేనే పంపాను. ఇవాళ దాన్ని చెడగొట్టుకోకు. ఆవిడ పేరు మాత్రం ఎత్తకు."

నవనీత సభలోకి వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది. చెవులు వేడెక్కాయి. కృతజ్ఞత అంటే చేసిన మేలును ఎరిగి ఉండడం. ఎరగనట్టు నటించమని చెప్పి, ఆ నటనకే కృతజ్ఞత అని పేరు పెట్టే అధికారం వీళ్ళకు ఎవరిచ్చారు? ఒక మనిషి దగ్గర పని తీసుకున్నారు, విద్య తీసుకున్నారు, చివరకు ఆ మనిషినే ఫొటోలోంచి తీసేశారు. తీసినవాళ్ళకే ఇప్పుడు దండలు వేయమంటున్నారు.

అయితే ఈ కోపమంతా వేణు మీదేనా? ఆ కుర్చీ ఖాళీ అయింది తన కోసమే కదా. అది తాను అడిగి తెచ్చుకున్నది కాదు, కాదనుకున్నదీ కాదు. ఇప్పుడు సైకిళ్ళ గురించి చెప్పి నవ్విస్తే, కత్తెర పట్టినవారిలో తానూ ఒకతె అవుతుంది. చెప్పకపోతే లీడ్ పోస్టు దక్కదు. రెండూ ఆమెకు స్పష్టంగానే కనిపించాయి.

పేరు పిలిచారు. వెనక ఫొటో పడింది. సభ ఇంగ్లీషులో సాగుతోంది. ఆమె కూడా ఇంగ్లీషులోనే, తడబడకుండా మాట్లాడింది.

"నా భుజం మీద ఒక చెయ్యి కనిపిస్తోంది. అది కిర్‌స్టెన్‌ది. ఇవాళ మనం చేస్తున్న పనిని పాతికేళ్ళు చేసింది ఆవిడ. నాకు నేర్పింది ఆవిడ. నేర్పడం పూర్తయ్యాక ఆవిడను ఉద్యోగంలోంచి తీసేశారు. ఈ ఫొటోలోంచి కూడా తీసేశారు. కంపెనీ నాకు టికెట్టు కొనిపెట్టింది, అందుకు థ్యాంక్స్. నేను ఋణపడింది మాత్రం ఆవిడకు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, తోడు రాకపోవడంతో ఆపేశారు. వీడియోలో ఒక డెన్మార్క్ అధికారి తన కెమెరా ఆఫ్ చేశాడు.

వేణు ఆమెను నడవాలో అందుకున్నాడు. "ఏం సాధించావమ్మా? ఆవిడకు ఉద్యోగం తిరిగొస్తుందా?"

"రాదు."

"లీడ్ సంగతి ఇక నా చేతుల్లో లేదు. రికార్డింగులో ఆ ముక్క కూడా తీసేయించాలి. తప్పదు."

"తీసెయ్యున్రి. కత్తెర మీ దగ్గర్నే ఉన్నది గద."

చెప్పేస్తే మనసు తేలికపడుతుందని ఆమె అనుకుంది. పడలేదు. పడకపోవడమే న్యాయమనిపించింది. జరిగినది ఒక ప్రసంగంతో చెల్లిపోయేంత చిన్నది కాదు.

లిఫ్టు దగ్గరికి ప్రశాంతి గబగబా వచ్చింది. ముఖంలో ఇందాకటి వేళాకోళం లేదు.

"జర ఆగవే. ఆ ప్రోగ్రాముల ప్రతి మార్పు పక్కన, ఎందుకు మార్చిన్రో వివరంగ రాసి, కింద కె.ఎం. అని ఉంటది గద. అది ఆమేనా?"

"ఆమెనే. కిర్‌స్టెన్ మాడ్సెన్."

"అయ్యో! మేం మొగాయన అనుకున్నమే. కె.ఎం. తాత అని పేరు పెట్టినం. ఏదన్న ఆగిపోతే, తాతా నువ్వే దిక్కు అని దండం పెడతం." ప్రశాంతి గొంతు తగ్గింది. "ఎప్పుడో సచ్చిపోయి ఉంటడనుకున్నం."

"బతికే ఉన్నది," అంది నవనీత. "పని కోసం తిరుగుతున్నది."