ఆసుకి పదకొండు

లక్ష్మీపతి ఇంట్లో శనివారం మధ్యాహ్నాలు పేకాట సాగడం తప్పు కాదు. ఆ ఇంటి ఇల్లాలు పేకముక్కలు పంచే ఉద్యోగానికి పోతాననడం తప్పయింది.

క్యాసినోల ఊరు అట్లాంటిక్ సిటీకి ఇరవై నిమిషాల దూరంలో, గ్యాలవేలో వాళ్ల ఇల్లు. గిరిజ బీయస్సీ మ్యాథ్స్. పుట్టింట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషి ఆవిడే. పెళ్లయి అమెరికా వచ్చాక తొమ్మిదేళ్లు ఉద్యోగం చెయ్యకూడని డిపెండెంట్ వీసా మీద గడిచాయి. ఆ డిగ్రీ కాగితం సూట్‌కేసు అడుగున, పెళ్లిచీర మడతల్లో ఉండిపోయింది. 2011లో గ్రీన్‌కార్డు వచ్చాక ఎక్కడ అప్లై చేసినా ఒకటే ప్రశ్న: ఇన్నేళ్లూ ఏం చేశారు? ఆ ప్రశ్న అడగనిది ఒక్క క్యాసినోనే. కొత్తది తెరుస్తున్నారట, బ్లాక్‌జాక్ డీలర్లు కావాలట. ఎనిమిది వారాల ట్రైనింగు, ఆ తర్వాత ఆడిషన్.

"క్యాసినోనా? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?" అన్నాడు లక్ష్మీపతి. "లెక్కలొచ్చు కదా, పిల్లలకి ట్యూషన్లు చెప్పుకో."

"ఆ నలుగురూ మనింట్లోనేగా పేకాడేది?"

"అది టైంపాస్ గిరిజా. ఇది ఉద్యోగం."

ఆ తేడా గిరిజకు అంతుపట్టలేదు. అంతుపట్టకుండానే వెళ్లి చేరింది.

ట్రైనింగిచ్చే డోరిస్ ముప్పై ఏళ్లు ముక్కలు పంచిన ముసలావిడ. మొదటి రోజే గిరిజ పెదవులు కదలడం కనిపెట్టి టేబుల్ మీద టకటకా కొట్టింది. "కూడకు. చూడు," అంది.

గిరిజకు తెలిసిందల్లా కూడడమే. డోరిస్ లెక్కలో ఏడూ, ఆరూ రెండు ముక్కలు కావు. పక్కపక్కన పడితే పదమూడు అనే ఒక బొమ్మ. మూడు ముక్కలైనా అంతే, కన్ను పడగానే మొత్తం నోటికి రావాలి. గిరిజకు తను ఒకటో తరగతిలో కూడబలుక్కుంటూ చదివిన రోజులు గుర్తొచ్చాయి. అక్షరం అక్షరం పలికినంతకాలం మాట కనబడదు. ఒకనాడు అక్షరాలు మాయమై మాట ఎదురొస్తుంది. ఇదీ ఆ చదువేననుకుంది.

ఇస్పేటా, కళావరా అన్నది అక్కర్లేదు. రాజు, రాణి, జాకీ పదేసి. ఆసు ఒక్కటే తిరకాసు ముక్క: ఒకటీ అవుతుంది, పదకొండూ అవుతుంది. ఆసు పక్కన రాజు పడితే ఇరవై ఒకటి. ఆటలోకెల్లా పెద్ద చెయ్యి అదే, ఆటకి పేరు కూడా దానిదే. డీలరు దాన్ని గుర్తుపట్టకపోతే ఇంకేం గుర్తుపట్టినా ఒకటే.

పప్పు పొయ్యి మీద పెట్టి కౌంటర్ మీద ముక్కలు పరిచేది. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు రెండేసి ముక్కల చొప్పున పేకంతా అయిపోవాలి. మొదటి వారం సగం కూడా కాలేదు. ఐదో వారానికి రెండో కూతకే అయిపోయేది.

ఆ వారంలోనే డోరిస్ అందరి ముందూ, "నీ కళ్లు కొనుక్కోవాలనుంది నాకు," అంది. ఇంటికొచ్చి గిరిజ ఆ మాట మొగుడికి చెప్పుకుంది. తొమ్మిదేళ్లలో ఆవిడ తన గురించి చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

లక్ష్మీపతి టీవీ కట్టేశాడు. తర్వాత, "సరేలే, నేనూ హెల్ప్ చేస్తా," అన్నాడు. "శనివారం మా ఆటలో లెక్క నువ్వు చెయ్యి. ఓడినవాడి చేతిలో పది, పన్నెండు ముక్కలుంటాయి. అవన్నీ ఒక్క చూపులో చెప్పగలిగితే, రెండు ముక్కలు ఒక లెక్కా?"

గిరిజకు కళ్లు చెమర్చాయి. "మరి రమ్మీలో ఆసుకి పది కదండీ?"

"మన ఆటలో పది. అక్కడి లెక్క అక్కడ. చదువుకున్నదానివి, ఆమాత్రం మార్చుకోలేవా?"

ఆ శనివారం నుంచి ఆవిడ లెక్క చేసింది. చేయి కింద పెట్టడం ఆలస్యం, "నలభై రెండు," "ఇరవై ఏడు," అనేది.

"అమ్మో, చెల్లెమ్మది కన్నా, కంప్యూటరా?" అనేవాడు సూర్యప్రకాశరావు. లక్ష్మీపతి ఆఫీసువాడు, ఆటలో అందరికన్నా ఎక్కువ ఓడేవాడు. "లక్ష్మీపతీ, నీ జీతం కూడా ఒక్క చూపులో చెప్పేస్తుందేమో, జాగ్రత్త!"

అందరూ నవ్వారు. గిరిజ పకోడీలు తెచ్చింది. మిగతా రోజుల్లో లక్ష్మీపతే ఆఫీసు నుంచి రాగానే సోఫాలో కూర్చుని, రమ్మీ లెక్కనే, గుప్పెడేసి ముక్కలు తిప్పి చూపించేవాడు. పెళ్లయ్యాక ఆయన తన కోసం రోజూ ఒక గంట కూర్చున్నది ఆ మూడు వారాలే.

ఆడిషన్ శుక్రవారం ఉదయం. మేనేజరు, ఇంకో ఇద్దరు ఆటగాళ్లలా ఎదురుగా కూర్చున్నారు. మొదటి రెండు ఆటలూ నీళ్లు తాగినంత సులువుగా నడిచాయి. మూడో ఆటలో మేనేజరు ముందు ఆసు, రాజు పడ్డాయి.

"ట్వెంటీ," అంది గిరిజ. పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోయింది.

మేనేజరు వేలెత్తాడు. గిరిజ ముక్కలకేసి చూసింది. ఏం తప్పో ఒక క్షణం తెలియలేదు. తెలిశాక చెవులు భగ్గుమన్నాయి. ఆ కంగారు తీరకముందే తన ముందు ఆసు, ఆరు పడ్డాయి. అది పదిహేడు, డీలరు ఆగాలి. గిరిజ కన్ను పదహారు చూసింది. చెయ్యి ఇంకో ముక్క లాగింది.

"మూడు నెలల తర్వాత మళ్లీ రండి," అన్నాడాయన మర్యాదగానే.

ఇంటికొచ్చేసరికి లక్ష్మీపతి ఇంటి నుంచే పని చేస్తున్నాడు. ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు.

"ఏమైంది?"

"రాలేదు."

"ప్చ్. ఆసు దగ్గరేనా?"

గిరిజ చెప్పుల స్ట్రాప్ విప్పుతూ ఆగిపోయింది. ఏ ముక్క దగ్గర తప్పిందో తను చెప్పలేదు. కార్లో ఏడుస్తూ వచ్చిన దారిలో ఎవరికీ ఫోన్ కూడా చెయ్యలేదు.

లక్ష్మీపతి గబుక్కున స్క్రీన్‌లోకి తల దూర్చాడు. "అంటే, కొత్తవాళ్లకి అక్కడే కదా కన్ఫ్యూజన్," అన్నాడు. తలెత్తకుండానే, "పోన్లే, మన మంచికే," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మామూలుగానే ముగ్గురు స్నేహితులూ వచ్చారు. మొదటి ఆట సూర్యప్రకాశరావు షో చేశాడు. లక్ష్మీపతి మూలిగి చేయి కింద పెట్టాడు. సెట్టు కాకుండా మిగిలినవి ఆసు, రాజు, జాకీ.

"చెల్లెమ్మా, లెక్క!"

"ముప్పై ఒకటి," అంది గిరిజ.

"ముప్పయ్యే కదమ్మా?"

"ఆసుకి పదకొండు, అన్నయ్య గారూ."

"రమ్మీలో పదేగా!"

"మీ అందరికీ పదే. ఆయనకి మాత్రం పదకొండు. ఎందుకో ఆయన్నే అడగండి."

సూర్యప్రకాశరావు నవ్వబోయి, లక్ష్మీపతి ముఖం చూసి ఆగిపోయాడు. గిరిజ ఆట లెక్కలు రాసే పుస్తకం మూసింది. బల్ల మీద కలిసి ఉన్న రెండు పేకల్లోంచి, తను వంటింట్లో పరుచుకునే నీలం వీపు ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరుకుంది. వాళ్ల చేతుల్లో ఉన్నవి కూడా అడిగి తీసుకుంది.

"ఇదేంటి గిరిజా? ఒక్క పేకతో నలుగురం ఎలా ఆడతాం?" అన్నాడు లక్ష్మీపతి.

"చదువుకున్నవాళ్లు. ఆమాత్రం మార్చుకోలేరా?"

వంటింట్లోకి వెళ్లి కౌంటర్ తుడిచింది. కుక్కర్ పెట్టలేదు. రెండేసి ముక్కలు తిప్పడం మొదలుపెట్టింది. పదమూడు. పంతొమ్మిది. పన్నెండు. తర్వాత ఆసు, రాణి పడ్డాయి.

ఇరవై, అంది నోరు.

గిరిజ ముక్కలన్నీ కలిపి, మళ్లీ మొదటి నుంచి తిప్పింది.