ఉతికిన దుప్పట్లు

ఇంకో బస్సు వచ్చి వంతెన మీద ఆగింది. పెద్దకోడలు ఆరెయ్యబోతున్న దుప్పటిని మళ్ళీ నీళ్ళలో ముంచింది.

ఆ దుప్పటికి మురికి లేదు. పొద్దున్నే హోటల్ యంత్రంలో ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపిన దుప్పటి అది. కాలవలో ముంచాకే దానికి మురికి పట్టింది.

నీళ్ళు నల్లగా, చిక్కగా ఉన్నాయి. రేవుకి కాస్త ఎగువన గోడలోంచి లావుపాటి గొట్టం ఒకటి బయటికొచ్చి ఉంది. హోటల్ వంటగదుల కడుగునీళ్ళూ, స్నానాలగదుల నీళ్ళూ, ఇంకా చెప్పకూడనివీ అందులోంచే పడతాయి. పైన నూనె తెట్టు కడుతుంది. ఆ తెట్టు మీద ఎంగిలి మెతుకులూ, ఎవరివో వెంట్రుకలూ, ఒక్కోసారి చచ్చిన ఎలకా తేలుకుంటూ బండల దాకా వస్తాయి. దుప్పటి ఎత్తి బండకేసి కొట్టినప్పుడల్లా తుంపర్లు మొహాన పడతాయి. ఆమె పెదాలు బిగబట్టి కొట్టడం నేర్చుకుంది.

ఒకప్పుడు ఈ రేవులో నిజంగానే బట్టలుతికేవారు. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో కాలవ అడుగున గులకరాళ్ళు కనపడేవి. తర్వాత హోటల్ లేచింది. కొన్నాళ్ళు దాని దుప్పట్లన్నీ రేవుకే వచ్చాయి. ఆ పైన వాళ్ళు యంత్రాలు కొనుక్కున్నారు. రేవు ఖాళీ అయింది. ఆడవాళ్ళు అంట్లు తోమడానికీ, మగవాళ్ళు మూటలు మొయ్యడానికీ పోయారు. అలాంటి రోజుల్లో హోటల్లో దిగినవాళ్ళు, కోట చూశాం, మ్యూజియం చూశాం, పాత ఫోటోల్లో ఉండే ఆ రేవేదీ అని అడగడం మొదలుపెట్టారట. దాంతో హోటల్ వాళ్ళు రేవుని మళ్ళీ తెరిపించారు. ఉతకడానికి కాదు, ఉతుకుతున్నట్టు కనపడటానికి. పూటంతా బండ దగ్గర నిలబడితే ఇచ్చే కూలి, వంతెన మీద అమ్మే రెండు కొబ్బరిబొండాలకి సరిపోతుంది.

ఆ కబురు మోసుకొచ్చినవాడు ఆమె మరిదే. అత్తగారు పోయినప్పుడు చంటిపిల్లాడు. ఈమె చేతి ముద్దలు తిని పెరిగాడు. ఇప్పుడు హోటల్లో గైడు. ఎర్రటోపీ పెట్టుకుని, మైకు పట్టుకుని తిరుగుతాడు కాబట్టి రేవులోవాళ్ళు అతన్ని చాటుగా టోపీ అంటారు. మనవాళ్ళకి కాస్త ఆధారం దొరుకుతుంది వదినా అని మొదట్లో నచ్చజెప్పాడు. ఆ తర్వాత ఒక్కొక్క షరతే బయటపెట్టాడు. పాత బట్టలే కట్టుకోవాలి. చేతిలో ఫోను కనపడకూడదు. రబ్బరు బూట్లు అసలే వద్దు, కాళ్ళు కనపడాలి.

బూట్లు తీసేయించిన కొద్దిరోజులకే ఆమె భర్త అరికాల్లో గాజుపెంకు దిగింది. పుండు మడమ నుంచి పిక్క దాకా పాకింది. మళ్ళీ ఆ నీళ్ళలో దిగితే కాలు తీసెయ్యాల్సొస్తుందని డాక్టరు చెప్పాడు. బండ ఖాళీగా ఉంటే ఇంటిల్లిపాదికీ పని ఉండదని హోటల్ వాళ్ళు చెప్పారు. అతను కట్టు కట్టుకుని దిగాడు. తెల్లకట్టు ఫోటోల్లో కొట్టొచ్చినట్టు కనపడుతోందని తమ్ముడొచ్చాడు. అన్న కాళ్ళ దగ్గర గొంతుక్కూచుని, మొహం పక్కకి తిప్పుకుని, తన చేత్తోనే దాన్ని విప్పేశాడు.

ఇవాళ వంతెన మీద మరిది గొంతు మరీ హుషారుగా ఉంది. ఈ రేవువాళ్ళకి ఈ పనంటే ప్రాణమనీ, ఈ కాలవనీళ్ళలో ఏదో గుణం ఉండబట్టే దుప్పట్లకి ఇంత తెలుపొస్తుందనీ చెబుతున్నాడు. సంచీలోంచి మడత దుప్పటి ఒకటి తీసి అందరికీ అందించాడు. అది కాలవ మొహం చూడనిది. వాళ్ళు వంతులవారీగా వాసన చూశారు. ఒకావిడ దాన్ని చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. కింద పెద్దకోడలు పక్కకి తిరిగి ఉమ్మేసి మళ్ళీ దుప్పటి ఎత్తింది.

అంతలో ఇద్దరు కూలీలు నీలం డ్రమ్మొకటి మెట్ల మీంచి దింపి, ఆమె భర్త బండ పక్కనే పెట్టారు. అంచుల దాకా మంచినీళ్ళు. హోటల్ వాళ్ళు కొత్తగా పెట్టిన వేడుక అది. గెస్టులు కూడా దిగి నాలుగు దెబ్బలు వెయ్యొచ్చు. కాలవలో కాలు పెట్టమంటే పెట్టరు కాబట్టి వాళ్ళకి వేరే నీళ్ళు. నిక్కరేసుకున్న ఒకాయనా, ఆయన భార్యా చాప మీద నిలబడి చేతిగుడ్డని డ్రమ్ములో ముంచి బండకేసి కొట్టారు. ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకున్నారు. పైనుంచి చప్పట్లు వినపడ్డాయి. తేటనీళ్ళు బండ మీంచి జారి కాలవలో కలిసిపోతున్నాయి.

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డ ఆమె భర్త అటే చూస్తున్నాడు. తమ్ముడు వంతెన దిగి దగ్గరికి రాగానే మెల్లగా అడిగాడు.

"ఒరే, ఓ చెంబుడు ఇటు పొయ్యరా. కాలు మండిపోతోంది."

తమ్ముడు మైకు నొక్కి ఆపాడు. "అవి గెస్టుల నీళ్ళన్నయ్యా. వాళ్ళెళ్ళాక చూద్దాం. కాస్త ఆ కాలు నీళ్ళలోనే ఉంచు, పుండు కనపడుతోంది."

పెద్దకోడలు విన్నది. చేతిలో దుప్పటి వదిలేసింది. అది నీళ్ళ మీద పరుచుకుని, ఎంగిలిమెతుకుల్ని పోగుచేసుకుంటూ కదిలిపోయింది. ఆమె వెళ్ళి భర్త రెక్క పట్టుకుని గట్టెక్కించి, డ్రమ్ము పక్కన కూచోబెట్టింది. చెంబు ముంచి కాలి మీద పోసింది. నల్లటి బురద ముందు జారింది. దాని వెనకే పసుప్పచ్చటి చీము, కాస్త నెత్తురు. అతను పళ్ళు బిగించి ఆమె భుజం పట్టుకున్నాడు. నిక్కరాయన భార్య ముక్కు మూసుకుని వెనక్కి గెంతింది. పైనవాళ్ళు మాత్రం ఫోన్లు దించలేదు.

"వదినా, ఏంటిది? పైనుంచి మేనేజరు చూస్తున్నాడు. నీ బండ మీదకి నువ్వెళ్ళు."

"ఏం చెయ్యనక్కడ?"

"ఏం చేస్తారు, ఉతకాలి."

ఆమె ఇంకో చెంబు ముంచింది. "మురికిబట్టలుంటే పట్రా, ఉతుకుతాను. ఉతికినవి ఉతకను."

చుట్టుపక్కల బండల మీద దెబ్బలు ఆగాయి. దద్దుర్లతో చేతులు ఒరుసుకుపోయిన ఒక ముసలమ్మ కాలవలోంచి ఎక్కొచ్చి దోసిలి పట్టింది. పెద్దకోడలు ఆ దోసిట్లోకి నీళ్ళు వంచింది. ఇంకొకామె వచ్చింది. ఆవిడ వెనక ఇంకొకామె. అతని కాలికేమయిందని నిక్కరాయన గైడుని అడిగాడు. గైడు టోపీ సర్దుకుని వంతెన వైపు చూశాడు.

డ్రమ్ము పైకి పట్రమ్మని వంతెన మీంచి కేక వినపడింది. కూలీలిద్దరూ వచ్చి చెరో వైపు అంచు పట్టుకున్నారు. పెద్దకోడలు కూడా పట్టుకుంది. వాళ్ళు లాగారు. ఆమె వదల్లేదు. మధ్యలో నీళ్ళు అటూ ఇటూ ఊగి, అందరి కాళ్ళ మీదా చిందాయి.

"ఏరా, నువ్వూ ఓ చెయ్యెయ్యి," అన్నాడు కూలీల్లో ఒకడు.

మరిది మైకు చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. డ్రమ్ము మీదకి చెయ్యి చాచాడు. అన్న అతని మొహంలోకే చూస్తున్నాడు.