పన్నెండు లోపు ఒక అభ్యంతరం

ఒక్క మాట చాలు, అభ్యంతరం అని రాసి పన్నెండు లోపు పంపితే అంతా ఆగిపోతుంది, పదకొండేళ్లుగా ఇన్‌స్టాలర్ ఎలా ఉండాలో తనొక్కడే తేల్చాడు, ఇకమీద ఐదుగురి సంఘం తేలుస్తుందట, తేల్చనీ అనుకున్నాడు, అనుకున్నాక కోపం వస్తుందేమోనని కాసేపు చూశాడు, రాలేదు, పక్కగదిలో బట్టల మెషీన్ గిర్రున తిరిగి ఆగింది, జీతం బత్తెం లేకుండా దేశదేశాల వాళ్లు కలిసి రాసుకునే సాఫ్ట్‌వేర్ అది, దాన్ని కొత్తవాళ్ల కంప్యూటర్లోకి ఎక్కించే ఇన్‌స్టాలరే దానికి గుమ్మం, ఆ గుమ్మంలో తను బైఠాయించాడు, తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమని వెనకాల అంటారని తెలుసు, తెలిసీ ఏమీ అనిపించదు, ఈ సంఘం ప్రతిపాదన పెట్టింది ఆ సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెచ్చే అనువాదకురాలు, పొద్దున ఫోన్ చేసింది, తన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల, తిట్టినా సరే ఏదో ఒకటి రాయండి సార్, మూడు రోజులైంది, మీరు మాట్లాడకపోతే భయంగా ఉంది అంది, చూద్దాంలేమ్మా అన్నాడు.

ఆ మూడు రోజుల కట్టుబాటు పెట్టిందీ తనే, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే, మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు, తను దాన్ని పూర్తి అంగీకారం చేసేశాడు, పాతవన్నీ చెరిపెయ్యాలా అని ఇన్‌స్టాలర్ అడిగేచోట అవును అని ముందే టిక్కు పెట్టి ఉంచడం కూడా అలాగే నెగ్గింది, కొత్తవాళ్లకి తేలిక అని రాశాడు, ఎవరూ నోరెత్తలేదు, ఏమండీ, మెషీన్ ఆగి ఎంతసేపైంది, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు, బట్టలు ముక్కిపోవూ, భార్య కేక, వస్తున్నా అన్నాడు, లేవలేదు, చెల్లెలు కూడా ఆ టిక్కు చూడకుండానే ముందుకు నొక్కేసింది, అమ్మ ఫోటోలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండేవి, అమ్మ పోయి అప్పటికి ఏడాది, ఇంక రావా అన్నయ్యా అవి అని అడిగింది, హెచ్చరిక చదవాల్సింది కదే అన్నాడు, మళ్లీ అది ఆ ఊసెత్తలేదు, సర్దుకుందనుకున్నాడు, అనువాదకురాలి ప్రతిపాదనలో మొదటి మార్పు ఆ టిక్కు తీసెయ్యడమే, కింద అలా పోగొట్టుకున్నవాళ్ల ఫిర్యాదులు నూట నలభై, అన్నిటికీ తన జవాబొకటే, హెచ్చరిక చదవండి, ఆ తర్వాత ఒక్కరూ తిరిగి రాయలేదు.

పదకొండూ యాభై ఎనిమిది, అభ్యంతరం అని కొట్టాడు, పంపే మీట మీద వేలు, అది తన వేలులా లేదు, ఎందుకు నొక్కడు, ఒప్పుకున్నాడా, లేదు, సంతోషమా, అదీ లేదు, చెప్పి ఏం లాభం అనిపిస్తోంది, అంతే, పన్నెండు దాటింది, అభ్యంతరాలు లేవు, ఆమోదం అని తెర మీద పడింది, ఎవరో చప్పట్ల బొమ్మ పెట్టారు, తనూ ఒప్పుకున్నాడనే అందరూ అనుకుంటారు, అనుకోరూ మరి, ఆ నూట నలభై మందీ ఇలాగే ఊరుకుని ఉంటారు, చెల్లెలూ ఇలాగే, ఒప్పుకుని కాదు, వీడికి చెప్పి ఏం లాభం అని.