ఓసోల్సోబ్యె ఇంటిపేరు

యార్మిలా ఉడికిన క్నెడ్లిక్ ముద్ద కింద దారం దూర్చి, రెండు కొసలూ పైన పెనవేసి లాగింది. తెల్లటి పిండిముద్ద ఆవిర్లు కక్కుతూ తెగింది. చెక్ దేశంలో, బ్ర్నో నగర శివారులోని పంపుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చాన్నాళ్లుగా ఆమె పని ఇదే. మోచేతుల దాకా కమిలిన చేతులు, నిలబడి నిలబడి ఉబ్బిన చీలమండలు.

కొత్తగా చేరిన ఫిట్టర్ పళ్లెం చాచి, ఆమె కోటు మీది పేరు చదివాడు.

"ఓసోల్సోబ్యె! 'ఉప్పు నువ్వే వేసుకో' అనేగా అర్థం? వంటమ్మకి భలే కుదిరిందే!"

"వేసుకో మరి. నాలుక బారెడుందిగా, దానిమీదే చల్లుకో."

వరుసంతా గొల్లుమంది. నవ్వులు సద్దుమణిగాక, నానమ్మ చెప్పిన కథ వాడికీ చెప్పింది. పూర్వం వాళ్ల తాతముత్తాతల్లో ఒకాయన సైన్యంలో వంటవాడు. కూర చప్పగా ఉందని కొరడా ఎత్తిన దొరతో, "ఉప్పు నువ్వే వేసుకో" అన్నాడట. వీపు చిట్లింది, పేరు నిలిచింది. ఆ పేరు వదులుకోనని పెళ్లినాడు భీష్మించుకుని కూర్చున్న మనిషి యార్మిలా. అత్తగారు చాలాకాలం ఆమెతో మాట్లాడనేలేదు.

పని దిగాక, చారు క్యాను ఒళ్లో పెట్టుకుని ట్రాములో తండ్రి మెతోద్యెయ్ ఇంటికి వెళ్లింది. ఆయన కిటికీ పక్క కుర్చీలో ఆపిల్ తొక్క తీస్తున్నాడు. ట్రాము పట్టాలు బిగించి బిగించి వంగిపోయిన వీపు. అడిగితే తప్ప నోరు విప్పని మనిషి.

ఫిట్టర్ సంగతి చెప్పి, "మన ముత్తాతే ఉంటే వాడి నెత్తిమీద గరిటె మోగించేవాడు" అని నవ్వింది.

"ఆయన మన ముత్తాత కాదే తల్లీ."

"అదేంటి నాన్నా?"

"రెండో ప్రపంచ యుద్ధమైపోయిన ఏడు. ఇక్కడున్న జర్మన్లందర్నీ దేశంలోంచి వెళ్లగొట్టి సరిహద్దుకి నడిపిస్తున్నారు. మా అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ ఆ గుంపులో ఉన్నా. అయిదేళ్లుంటాయేమో. దారి పక్కన మీ నానమ్మ నీళ్ల బకెట్టుతో నిలబడి ఉంది. మా అమ్మ నన్ను ఆవిడ మీదకి తోసేసి, 'నోరు మెదపకు' అంది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది."

నానమ్మ ఆ పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్లి, తన ఇంటిపేరే ఇచ్చి పెంచుకుందట. పిల్లాడు మూగవాడని ఊరంతా అనుకున్నారట. చెక్ మాటలు పట్టుబడ్డాకే పెదవి విప్పాడట.

"మరి మన అసలు ఇంటిపేరు?"

"అమ్మ 'బూబీ' అనేది. చంటోడా అన్నట్టు. ఇంటిపేరు ఎంత తవ్వుకున్నా రాదు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం!" ఆమె అరిచింది.

"మెదపొద్దందిగా."

ఆమె చివాల్న పొయ్యి వైపు తిరిగింది. అగ్గిపుల్ల గీసి, క్యానులోని చారు పొయ్యి మీద పెట్టింది. అత్తతో పోట్లాడి నిలబెట్టుకున్నది ఎవరి పేరు? రోజూ నలుగురిలో తలెత్తి చెప్పుకున్నది ఎవరి తాత కథ? చారు కాగి పొంగుతోంది. కోపం మాత్రం నిలవలేదు. దారి పక్కన వదిలేసిన ఆ పసివాడే కళ్లముందు మెదులుతున్నాడు.

"నాన్నా, మీ అమ్మ మొహం గుర్తుందా?" అంది, వెనక్కి తిరగకుండానే.

జవాబు లేదు. మళ్లీ అడిగింది. తిరిగి చూసింది. తల కిటికీ చట్రానికి ఆన్చి, నోరు కొద్దిగా తెరిచి ఉన్నాడు, ఏదో చెప్పబోతున్నవాడిలా. చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

కిటికీ గట్టుమీద సగం చెక్కిన ఆపిల్ పండు, దాన్నుంచి తెగకుండా వేలాడుతున్న తొక్క. పండు అంచులు అప్పుడే గోధుమరంగుకి తిరుగుతున్నాయి.